"మీ ఇండ్లల్ల ఇంతకన్న మంచిగ తింటున్నరా?"

"అక్కా, దేశంలో ఇన్ని జరుగుతుంటే మీరు కూరల ముచ్చట రాస్తున్నారేంటి?" అని పోయిన వారం నుంచి నలుగురైదుగురు తమ్ముళ్ళు అడిగారు. ఒక చెల్లె ఇంకా సూటిగా అడిగింది: "స్కాలర్‌షిప్పులు రాక పిల్లలు చదువు ఆపి ఇంటికి పోతుంటే పుంటికూర గురించి చదవాల్నా?" అడగాల్సిన ప్రశ్నే. జవాబు కొంచెం పెద్దది. అందుకే ఈ వారం భాగం మొత్తం దానికే.

బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో 1936 నాటి ఒక సంఘటన చెప్తారు. జైపూర్ సంస్థానంలో చక్వారా అనే ఊరు. తీర్థయాత్రకు పోయివచ్చిన ఒక అంటరాని మనిషి ఊళ్ళో ఉన్న తన వాళ్ళందరినీ విందుకు పిలిచాడు. పిలిచినవాళ్ళకు మంచిగా పెట్టాలనుకున్నాడు, నెయ్యి కూడా వడ్డించాడు. జనం ఇంకా తింటూనే ఉన్నారు. ఊరి హిందువులు వందలమంది కర్రలు పట్టుకొని వచ్చి మీద పడ్డారు. వండిన వంటను పాడుచేశారు, తింటున్నవాళ్ళను కొట్టారు. అంటరానివాళ్ళు నెయ్యి తినడమే అక్కడ జరిగిన నేరం.

ఈ సంఘటనను ఒకసారి నిదానంగా చూడండి. అక్కడ గొడవకు కారణం గొడ్డుమాంసం కాదు. ఎవరి బావి నీళ్ళూ ముట్టుకోలేదు, ఎవరి గుళ్ళోకీ పోలేదు. విందు పెట్టింది మనవాడు, తిన్నది మనవాళ్ళు. మరి ఊరికి ఎక్కడ మండింది? వీళ్ళు కడుపు నింపుకొని ఊరుకోలేదు, ఇష్టంగా తిన్నారు. నలుగురిని పిలిచి పెట్టారు. అక్కడ మండింది. కులానికి మన ఆకలితో పెద్ద ఇబ్బంది లేదు. ఆకలితో ఉన్నవాడు పొద్దున్నే పనికి వస్తాడు. నాలుక మీద రుచి తెలిసినవాడు, ఇది బాగుంది ఇది బాగాలేదు అని చెప్పగలిగినవాడు వచ్చినప్పుడే కర్రలు లేస్తాయి.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. మన తిండి గురించి మనం రెండు రకాలుగా మాట్లాడటానికి అలవాటు పడ్డాం. ఒకటి ఆకలి. గంజి, నూకలు, పస్తులు. మన కథలు, కవితలు, ఆత్మకథలు ఆ చరిత్రను గట్టిగానే నమోదు చేశాయి. రెండోది నిరసన. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగింది. దాని మీద దాడి జరిగింది, గొడవలైనాయి. పెద్దకూర తినడం ఒక రాజకీయ ప్రకటన అయింది. ఆ రెండూ కావాలి. నేను రెండింటి పక్షమే. కానీ ఆకలికీ నిరసనకూ నడుమ మన ఇండ్లల్లో రోజూ పొయ్యి వెలుగుతున్నది. ఆదివారం నాడు వాడ మొత్తం ఒకటే వాసన వస్తది. దాని గురించి ఎవరు మాట్లాడాలి? మనల్ని ఆకలితో ఉన్నవాళ్ళుగానో, కోపంతో ఉన్నవాళ్ళుగానో గుర్తుపట్టే లోకం, మంచిగా వండుకొని తినేవాళ్ళుగా మాత్రం గుర్తుపట్టదు. మనం కూడా దానికి ఆ సంగతి చెప్పలేదు.

ఎండు తునకలనే తీసుకోండి. కూర ఎక్కువగా దొరికిన నాడు కొంత వండుతారు, మిగిలింది ఆరబెడతారు. మాంసాన్ని పొడుగ్గా, పలుచగా కోయాలి. ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద వేలాడదీయాలి. ముక్క మందమైతే లోపల పచ్చిగా ఉండి చెడిపోతుంది. ఎండ చాలకపోతే వాసన కొడుతుంది. పొద్దుగూకగానే మంచు పడకముందే లోపల పెట్టాలి, పగలంతా కాకిని, కుక్కను కాయాలి. కట్టెలాగా గట్టిపడ్డాక దాచుకుంటే నెలలు నిలుస్తుంది. వానాకాలం పనులు లేని రోజున నాలుగు తునకలు తీసి నిప్పుల మీద కాల్చి, రోకలితో దంచి, నానబెట్టి పుంటికూరలో వేస్తారు. ఎండాకాలం చింతచిగురుతో, చలికాలం చిక్కుడు గింజలతో. పులుపుకు ఆ ఎండిన మాంసం ఎట్లా మెత్తబడుతుందో, ఆ కూర రెండో రోజుకు ఎందుకు ఇంకా బాగుంటుందో మా అవ్వకు తెలుసు. ఫ్రిజ్ లేని ఇంట్లో మాంసాన్ని నిలవ చేసే శాస్త్రం అది. దానికి పుస్తకం లేదు, చేతి నుంచి చేతికి వచ్చింది.

పోగులు వేయడం చూసిన వాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. జంతువును కోసినప్పుడు మాంసాన్ని నేల మీద కుప్పలుగా పెడతారు. ప్రతి పోగులో ఇంత మెత్తటి కూర, ఇంత బొక్క, ఇంత కార్జం, ఇంత బోటి. మంచి ముక్కలన్నీ ఒక పోగులో, బొక్కలన్నీ ఇంకో పోగులో పడితే వాడలో లొల్లి అయితది. సమానంగా పంచుకోవడాన్ని నేను మొదటిసారి చూసింది అక్కడే. సోషలిజం మీద పుస్తకాలు తర్వాత చదివాను.

ఆకుకూరల సంగతి కూడా అంతే. గునుగు, తుమ్మికూర, దొగ్గలికూర, పొన్నగంటి, గలిజేరు. ఇవి ఎవరూ విత్తనం వేసి పెంచినవి కావు. పటేండ్ల చేలల్లో కలుపు తీయడానికి పోయిన మన ఆడవాళ్ళు, రైతు కలుపు అని పారేయమన్నదాన్ని ఒడిలో వేసుకొని ఇంటికి తెచ్చారు. ఏది ఏ వానకు మొలుస్తుంది, ఏది లేతగా ఉన్నప్పుడే తినాలి, ఏది పప్పులో బాగుంటుంది, ఏది వేపుడుకు పనికొస్తుంది, అంతా వాళ్ళ నోటి లెక్క. ఇప్పుడు పత్తి చేలల్లో కలుపు మందు కొడుతున్నారు. కలుపు చచ్చిపోయింది, కలుపు తీసే కూలి పోయింది, ఆ కూర కూడా పోయింది. దీన్ని ఏ నష్టపరిహారం లెక్కలోనూ రాయలేదు. ఆ కూరకు ధర లేదు కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన తిండిని పొగుడుకుంటూ పోతే బానిసత్వాన్ని కూడా పొగిడే ప్రమాదముంది. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ మనవాళ్ళతో చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేయమన్నారు, ఇల్లిల్లూ తిరిగి పాచి అన్నం అడుక్కోవడం మానేయమన్నారు. ఆ మాటను మరిచిపోయి "మా సంస్కృతి" అని అన్నిటికీ దండ వేయలేం. అయితే ఆయన వద్దన్నదేమిటో చూడాలి. వెట్టికి కూలిగా విసిరేసిన ముద్దను వద్దన్నారు. మరొకరు పారేసినదే నీ వాటా అనే ఏర్పాటును వద్దన్నారు. తొమ్మిదేండ్ల తర్వాత అదే మనిషి చక్వారా నెయ్యి విందు గురించి రాశారు. ఒకటి బలవంతపు తిండి, ఇంకొకటి ఇష్టపడి తిన్న తిండి. ఈ తేడా తెలిస్తే మన వంటింటి గురించి సిగ్గు లేకుండా మాట్లాడొచ్చు, అబద్ధపు గర్వం లేకుండా కూడా మాట్లాడొచ్చు. మన ఆడవాళ్ళ గొప్పతనం ఎక్కడుందంటే, ఊరు విదిల్చిన తల, కాళ్ళు, పేగు, నెత్తురు తీసుకొని వాటి నుంచి తలకాయ కూర, పాయ, బోటి, నల్ల అనే వంటలను తయారుచేశారు. విదిల్చినవాడికి అందులో మాంసం తప్ప ఏమీ లేదు. రుచి వీళ్ళ చేతిది.

ఆ రుచికి ఇప్పుడు మార్కెట్ దొరికింది. హైదరాబాద్‌లో ఏసీ హోటళ్ళలో బోటి, నల్ల ఫ్రై, తలకాయ కూర ప్లేటు లెక్కన అమ్ముతున్నారు. జొన్నరొట్టె, సజ్జరొట్టె డాక్టర్లు రాసే మందయ్యాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. సంతోషమే. కానీ జొన్న గట్క తిన్నవాళ్ళను మొరటోళ్ళు అన్న నోళ్ళే ఇప్పుడు దాని పోషక విలువలు మనకు వివరిస్తున్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, దశాబ్దాలుగా ఆ విత్తనాలను కాపాడారు, పాత పంటల జాతర చేశారు. 2019లో వాళ్ళకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సూపర్ మార్కెట్‌లో కొర్రల ప్యాకెట్ మీద ఎవరి బొమ్మ ఉందో చూడండి. ఆ ఆడవాళ్ళలో ఒక్కరిదైనా ఉందా?

తిండి మారుతుంది, తినేవాళ్ళు మారరు. అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో, విద్యానగర్‌లో కోచింగ్ కోసం గది వెతుక్కునే మన పిల్లలకు ఇది బాగా తెలుసు. "మీరేమవుతారమ్మా?" అని నేరుగా అడగలేని ఓనరు "నాన్‌వెజ్ వండరు కదా?" అని అడుగుతుంది. వండుతామంటే "కోడి అయితే సరే, వేరేవి మాత్రం వద్దు" అంటుంది. ఆ 'వేరేవి' అన్న ఒక్క మాటలో కులం ధ్రువపత్రం మొత్తం ఉంది. కిటికీలు మూసి, తలుపు కింద గుడ్డ అడ్డం పెట్టి, ఫ్యాన్ ఐదులో తిప్పి పెద్దకూర వండుకునే అమ్మాయిలు నాకు తెలుసు. వాళ్ళకు అది బీఫ్ ఫెస్టివల్ కాదు. ఇంటి మీద బెంగపడ్డ ఆదివారం, అంతే. జేబులో డబ్బులున్న రోజు పాతబస్తీకి పోయి కల్యాణి బిర్యానీ తినడంలో ఉన్న హాయి కూడా అదే. అక్కడ ఎవరూ ఏమీ అడగరు, పొగలు కక్కే పళ్ళెం ముందు పెడతారు.

బళ్ళలో చూడండి. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకాల్లో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక బడిలో దళిత స్త్రీ వండిందని అగ్రకులాల పిల్లలు తినడం మానేశారు. ఆమెను ఆ పని నుంచి తప్పించారు. ఆమె వంటలో ఉప్పు ఎక్కువైందని ఎవరూ అనలేదు. రుచి చూస్తే కదా అనడానికి!

ఇక నన్ను ప్రశ్న అడిగిన చెల్లెకు నేరుగా చెప్తాను. నేను చదువుకున్న హాస్టల్‌లో చారు నీళ్ళలాగా ఉందని, అన్నంలో పురుగులు వస్తున్నాయని మేం ధర్నా చేస్తే చూడటానికి వచ్చిన అధికారి అడిగిన మాట ఇది: "మీ ఇండ్లల్ల ఇంతకన్న మంచిగ తింటున్నరా?" ఈ మాట ఇప్పటికీ చాలా హాస్టళ్ళలో చాలామంది నోట వినబడుతూనే ఉంది. మెస్ ఛార్జీలు ఏండ్ల తరబడి పెరగకపోవడం వెనుక ఉన్నది ఈ మాటే. పప్పులో పప్పు లేకపోవడం వెనుక ఉన్నది ఈ మాటే. వీళ్ళకు ఇంట్లో గతి లేదు, పెట్టిందే ఎక్కువ అనే లెక్క అది. 2015లో తెలంగాణ హాస్టళ్ళకు సన్నబియ్యం ఇచ్చినప్పుడు తేలిందేమిటి? అంతకుముందు దొడ్డు బియ్యం పెట్టింది పిల్లల బలం కోసం కాదు, వీళ్ళకు ఇది చాలు అనుకున్నారు కాబట్టి. కాబట్టి చెల్లే, పుంటికూర ముచ్చట స్కాలర్‌షిప్పు ముచ్చటకు దూరమైంది కాదు. ఆ అధికారికి మనం చెప్పాల్సిన జవాబు ఒకటుంది. అవును సార్, మా ఇండ్లల్ల ఇంతకన్న చాలా మంచిగ తింటం. మా అమ్మ వండిన పచ్చిపులుసు మీ సాంబారు కన్న బాగుంటది. తక్కువ ఉంటే తక్కువే తింటం, కానీ రుచిగ తింటం. ఈ జవాబు ధైర్యంగా చెప్పాలంటే మన వంట మీద మనకు నమ్మకం ఉండాలి.

నమ్మకంతో పాటు నిజాయితీ కూడా ఉండాలి. మన ఇండ్లల్లో కార్జం నాయినకు, మూలుగ బొక్క కొడుకుకు. వండిన అమ్మకు అడుగున మిగిలిన పులుసు. పోగుల దగ్గర సమానంగా పంచుకున్న వాడ, కంచాల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మరిచిపోతుంది. సభల్లో తిండి హక్కు గురించి గంటసేపు మాట్లాడే అన్నల్లో ఎంతమందికి తునకలు నానబెట్టడం వచ్చు? బీఫ్ ఫెస్టివల్‌లో ఉల్లిగడ్డలు కోసింది ఎవరు, మైకు పట్టుకున్నది ఎవరు? రుచి హక్కు అయితే వండే మనిషికి కూడా హక్కే. తమ్ముళ్ళారా, వంట నేర్చుకోండి. ఉద్యమంలో సగం పని అది.

మహారాష్ట్రలో మనవాళ్ళు ఈ పని మొదలుపెట్టారు. 2009లో పూణే విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె సహచరులు దళితుల తిండి జ్ఞాపకాలను సేకరించి 'ఈజన్ట్ దిస్ ప్లేట్ ఇండియన్?' అనే పుస్తకం తెచ్చారు. షాహూ పాటోలే 2015లో మరాఠ్వాడా మాంగు, మహర్ల వంటల మీద 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' రాశారు. అన్నం పూర్ణబ్రహ్మం అనే మాటను తిప్పి, మమ్మల్ని లెక్కపెట్టని ఆ బ్రహ్మం అపూర్ణమే అన్నారు. 2024లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది. తెలుగులో మాల, మాదిగ ఇండ్ల వంటల మీద అట్లాంటి పని విస్తారంగా జరగాలి. మన అవ్వలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళతో పాటు కొలతలు కూడా పోతున్నాయి.

సెలవులకు ఇంటికి పోయేవాళ్ళు ఒక పని చేయండి. అమ్మ దగ్గరో అవ్వ దగ్గరో పొయ్యి ముందు కూర్చొని ఒక్క కూర నేర్చుకోండి. పేరు మీ ఊళ్ళో ఎట్లా పిలుస్తారో అట్లాగే రాయండి, పత్రిక భాషలోకి మార్చొద్దు. ఏ కాలంలో వండుతారు, ఎవరితో కలిసి తింటారు, ఇప్పుడు ఏ దినుసు దొరకడం లేదు, అది కూడా రాయండి. చివర్లో అమ్మను ఒక మాట అడగండి: "నీకేం కూర ఇష్టమే?" చాలామంది అమ్మలను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వాళ్ళు చెప్పినదాన్ని ఆ రోజు మీరు వండండి, మొదటి కంచం ఆమెకు పెట్టండి. బొక్క మూలుగ కూడా ఆమెకే.

వచ్చే వారం హాస్టల్ మెస్ కమిటీల గురించి రాస్తాను. మెనూ ఎవరు రాస్తున్నారు, మనం ఎట్లా రాయించుకోవాలి అని.

జై భీమ్.