పిల్లి వెంట్రుకలు రాలుతున్నప్పుడు



“మా పిల్లి ఒళ్లంతా వెంట్రుకలు రాలుస్తోంది. జానమాజు మీద, పాప దుప్పటి మీద అవే. దానిని సంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలి రమ్మని అత్తగారు అంటున్నారు. ఆ వెంట్రుకలు అంటిన దుస్తులతో నమాజు అవుతుందా?” అని ఒక సోదరి వ్రాశారు.

నమాజు సంగతికి జవాబు చిన్నది. హనఫీ ఫిఖహ్ ప్రకారం పిల్లి వెంట్రుక అపవిత్రం కాదు, నమాజు అవుతుంది. దులుపుకోవడం శుభ్రతకు మంచిది, అంతే. బార్కస్‌లోని యెమెనీ మూలాల కుటుంబాల వలె షాఫయీ పద్ధతి పాటించేవారు తమ ఉలమాను అడగాలి. అక్కడ వివరణ వేరు, కొద్దిపాటి వెంట్రుకలకు మినహాయింపు కూడా ఉన్నది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీళ్ల పాత్రను పిల్లి త్రాగేందుకు వీలుగా వంచితే కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూశారు. అప్పుడాయన, పిల్లి అపవిత్రమైనది కాదనీ, అది మన చుట్టూ తిరిగే ప్రాణి అనీ దైవప్రవక్త (స) చెప్పిన మాటను ఆమెకు వినిపించారు. ఈ సంఘటన అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. అక్కడ మామగారు కోడలికి నచ్చజెప్పారు. ఈ ఇంట్లో ఆ పని కోడలి మీద పడింది!

ఇక అసలు సంగతి. పిల్లి వెంట్రుకలు మారడాన్ని ముఖ్యంగా పగటి నిడివి నడిపిస్తుంది. శీతకాలం వెళ్లి పగలు పెరిగేకొద్దీ దట్టమైన లోపలి బొచ్చు రాలిపోతుంది. రాత్రి ప్రొద్దుపోయేవరకు దీపాల వెలుగులో, ఇంట్లోనే ఉండే పిల్లికి ఇది ఏడాది పొడవునా కొంత కొంత జరుగుతుంది. ఈనిన పిల్లికీ బొచ్చు పలుచబడవచ్చు. ఇవేవీ జబ్బులు కావు. గుర్తు ఒకటే: వెంట్రుకలు ఒళ్లంతా సమంగా రాలుతాయి, అడుగున చర్మం నున్నగా ఉంటుంది, దురద ఉండదు.

అలా కాక ఒకచోట బోడి మచ్చ కనిపిస్తే ఋతువు మీద నెట్టవద్దు. ఆ తప్పు నేను చేశాను. కొన్నేళ్ల క్రితం మా మదర్సా వంటగదిలో తిరిగే పిల్లికి చెవి ప్రక్కన రూపాయి బిళ్లంత మేర బొచ్చు ఊడింది. ఎండాకాలం కదా అని ఊరుకున్నాను. కొద్ది వారాలలో నలుగురు పిల్లల మెడల మీద, చేతుల మీద గుండ్రని మచ్చలు లేచాయి. అది తామర, ఒక రకం బూజు. పిల్లి నుంచి మనిషికి, ముఖ్యంగా పిల్లలకు అంటుతుంది. రాలిన వెంట్రుకలలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది. పిల్లలకూ పిల్లికీ కలిపి వైద్యం చేయించి, చాపలు, పరుపులు, దుప్పట్లు ఉతికి ఎండవేసేసరికి మాకు రెండు నెలలు పట్టింది. ఒక విద్యార్థి తల్లి నన్ను అడిగిన మాటలకు నా వద్ద జవాబు లేదు.

తోక మొదట, వీపు మీద బొచ్చు ఊడి చిన్న చిన్న పక్కులు కట్టితే, చాలావరకు గెంతే పురుగుల పని. దువ్వినప్పుడు రాలే నల్లని నలుసులను తడి తెల్లగుడ్డ మీద వేయండి. ఎర్రగా కరిగితే అది ఆ పురుగుల రెట్ట, అంటే పిల్లి నెత్తురే. చెవి అంచులు, ముఖం పొరలు కట్టి విపరీతంగా దురదపెడితే గజ్జి కావచ్చు.

మందు విషయంలో మాత్రం సొంత తెలివి వద్దు. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లి ప్రాణం తీయగలదు. జ్వరమని పారాసిటమాల్ ఇవ్వరాదు, అదీ విషమే. కిరోసిన్, ఫినాయిల్ పూసినా పిల్లి ఒళ్లు నాకుకుంటుంది కనుక అవి కడుపులోకి పోతాయి. పశువైద్యశాలకు తీసుకుపోండి. తిండి కూడా చూసుకోవాలి: పాలు, అన్నం మాత్రమే తినే పిల్లికి బొచ్చు నిలవదు, దానికి మాంసమో చేపో కావాలి.

సోదరీ, ముందు పిల్లి బొచ్చు పాయలు తీసి వెలుగులో చర్మం చూడండి. మచ్చలుంటే వైద్యుడు చూసేదాకా పాప ప్రక్కకు రానీయకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. చర్మం బాగుంటే రోజూ పది నిమిషాలు వాకిట్లో దువ్వితే చాలు, దుప్పటి మీద సగం తగ్గుతుంది. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక చంపిన స్త్రీకి పడిన శిక్ష గురించి బుఖారీలో ఉన్న హదీసు అత్తగారికి తెలిసే ఉంటుంది. దానిని మీరు గుర్తుచేయకండి, మాట పెరుగుతుంది. దువ్వెన ఆమె చేతికిచ్చి చూడండి.