గాజుతొట్టిలో పాముచేప

ఇంటియందు ఉప్పునీటి గాజుతొట్టి నుంచుకొని అందు మోరే జాతి పాముచేపను పెంచు వేడుక కొందఱకు గలదు. వేడుకను మేము నిందింపము. చేపను ముందుగా కొని, మూతను గూర్చి పిమ్మట తలంచుటయే మాకు సరిపడకున్నది.

తెల్లని మచ్చలుగల చిన్న మోరే హిందూ, పసిఫిక్ మహాసముద్రములయందు పగడపుదిబ్బల సందులలో నివసించును. చిన్నదనినను రెండడుగులకు మించి పెరుగును. దీనికి ఱొమ్ముఱెక్కలు లేవు, పొలుసులును లేవు. ఇఱుకు సందు దొరకిన చాలును, వెలికి జాఱి నేలపై నెండి చచ్చును. అది నోరు తెఱచుచు మూయుచు నుండుట కోపమని బాలురు భయపడుదురు. మొప్పలకు నీరు పంపుకొను శ్వాసక్రియయే గదా యది!

దీని పండ్లు మొద్దువి, పీతలను రొయ్యలను నలుపుటకు తగినవి. ఎదిగినదానికి వారమునకు రెండు మూడు మాఱులు సముద్రపు రొయ్యముక్కలు పెట్టిన చాలును. దినదినము మేపుట దయ కాదు. మిగిలినది క్రుళ్లి నీరు చెడును. చౌకయని బంగారుచేపలను వేయుట మఱియు కీడు. వానియందలి థయామినేజు అను పదార్థము బి1 విటమినును నాశము చేయును. ఇతర మత్స్యముల రోగములకు వాడు రాగిమందును దీని తొట్టిలో పోయరాదు. ఆవిరియైన నీటికి బదులు ఉప్పులేని శుద్ధజలమే పోయవలయును. లేనియెడల ఉప్పు హెచ్చును.

కావున, పిల్లలు కోరిరని తొందరపడు తల్లిదండ్రులారా, ముందు మూతపై బరువుంచి, గొట్టములు దూరు రంధ్రములను మూయుడు. నీటిలో హితకరములగు సూక్ష్మజీవులు నెలకొనుటకు కొన్ని వారములు వేచి, పిమ్మట చేపను తెండు.