వేసే వుంటారు!

నర్సమ్మ పెద్ద పుస్తకం చంకన పెట్టుకుని మా వీధిలోకి వస్తే, తలుపు సగమే తీసి మాట్లాడే పెద్దమనుషుల్లో నేనూ ఒకణ్ణి. మొన్న ఆవిడ మా గుమ్మంలో నిలబడి, "మీ చెల్లెలుగారి పాపకి మూడో సూది ఎక్కడ వేయించారు మాష్టారూ?" అని అడిగింది.

"అత్తవారి వూళ్ళో వేసే వుంటారు" అన్నాను.

"వేశారా, వేసే వుంటారా?"

కాలేజీలో క్రియాపదాలు బోధించే నాకు అంతటి పాఠం ఎవరూ చెప్పలేదు. వెంటనే చెల్లెలికి ఫోను చేశాను. "అన్నీ అక్కడే అయిపోయాయనుకున్నాం అన్నయ్యా!" అన్నది. పాపకి అప్పుడే ఆరో నెల!

జరిగిందేమిటంటే, పాప పుట్టింది మా యింట్లో. ఆరో వారం, పదో వారం సూదిమందులు ఇక్కడే పడ్డాయి. మూడో నెలలో సారె పెట్టి పంపించాం. చలిమిడి, పసుపు కుంకాలు, ఉయ్యాల - ఏదీ మరవలేదు. టీకాల కార్డు మాత్రం మా బీరువాలో వుండిపోయింది. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతంతో సహా అయిదు జబ్బులకు అడ్డుపడే మందు రెండు వూళ్ళ మధ్య జారిపోయింది.

"మొదటి సూదికే రానివాళ్ళు వేరు, వచ్చి మూడోదానికి రానివాళ్ళు వేరండీ" అన్నది నర్సమ్మ. "వాళ్ళకి దూరమో, భయమో అడ్డు. వీళ్ళకి మరుపు, వలస, పురుడు. రెండూ విడివిడిగా లెక్క కడితేగాని ఏ ఇంటికి ఎందుకు వెళ్ళాలో మాకు తెలియదు."

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఏడాది నిండి రెండో ఏడు నడుస్తున్న పిల్లల్లో టీకాలన్నీ పడినవారు 2015-16లో నూటికి 62 మంది. 2019-21లో 76 మంది. సంతోషమే. కాని తట్టు పాకకుండా వుండాలంటే నూటికి 95 మందికి రెండు మోతాదులూ పడాలి. జిల్లా సగటు ఎంత బాగున్నా, మిగిలిపోయిన వీధిని తట్టు వెతుక్కుంటూ వస్తుంది. 2014 డిసెంబరులో మొదలయిన మిషన్ ఇంద్రధనుష్ పని, అలా మిగిలిపోయినవాళ్ళను ముందుగా మనమే వెతికి పట్టుకోవడం.

"మళ్ళీ మొదటినుంచీ వేయాలా?" అన్నాను బెంగగా.

"అక్కరలేదు. ఆగినచోటినుంచే."

బుధవారంనాడు పాపకి మూడో సూది పడింది. ఏడుపు ఫోనులో విన్నాను. అంత శ్రావ్యమైన ఏడుపు ఈమధ్య వినలేదు.

మీరూ ఒకసారి బీరువా తెరిచి చూడండి. "వేసే వుంటారు" అన్నమాట మా యింట్లో ఇక నిషేధం.