సున్నం బక్కెట్టు

మా ఊరు బుచ్చిలో కోదండరామస్వామి గుడి నీడన పెరిగినవాళ్లం. రాముడు మాకు ఇంటిపెద్ద లాంటివాడు. అందుకే ఆయన బొమ్మకు మేం చేసింది చెప్పుకోవడానికి ఇన్నేళ్లూ నోరు రాలేదు.

చాలా ఏళ్ల కిందట శ్రీరామనవమికి మా పందిరి పక్క గోడమీద ఒక కుర్రాడు రాముణ్ణి వేశాడు. షాపుల బోర్డులు రాసుకునే పిల్లాడు. అందరికీ తెలిసిన నీలిరంగు నవ్వుముఖం కాదు. అడవిలో నడిచి నడిచి అలసిన రాముడు. నల్లటి ఒళ్లు, పగిలిన మడమలు, కళ్లకింద చారలు. కోతల కాలంలో మా పొలాల్లో కనిపించే మనిషిలాగే ఉన్నాడు. నాకు నచ్చింది. చాలాసేపు నిలబడి చూశాను.

సాయంత్రానికి ఒకరిద్దరు "దేవుడు ఇట్టుంటాడా?" అన్నారు. ఎవరూ కేకలేయలేదు, ఎవరూ బెదిరించలేదు. కల్యాణం వేళ పేచీ ఎందుకని సున్నం కొట్టేద్దామనుకున్నాం. ఆ మాట నాది కాదు, నిజమే. కాని బక్కెట్టు తెచ్చి ఆ పిల్లాడి చేతికే ఇచ్చింది నేను. "బాగలేదా అన్నా?" అన్నాడు. బాగుందని చెప్పలేదు. పానకం బిందెల పని చూడాలని పక్కకు పోయాను.

మరుసటేడు నుంచి ఫ్లెక్సీ. చవక, పూటలో వస్తుంది, ఎవరూ తప్పుపట్టరు.

మా వీధిలో జరిగిందే పెద్దగా కూడా జరిగింది, అక్కడా మనం ఇలాగే పక్కకు పోయాం. సోషలిస్టు నాయకుడు లోహియా మాట మీద చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ రామాయణం బొమ్మలు వేసింది మన హైదరాబాదులో, బద్రీ విశాల్ పిట్టీ అండతో. వాటిని ఎడ్లబండి మీద చుట్టుపక్కల పల్లెలకు తీసుకుపోతే జనం చూశారని, ఒక్కరూ ఆక్షేపించలేదని ఆయనే చెప్పుకున్నాడు. 1996లో ఆయన పాత సరస్వతి బొమ్మ మీద గొడవ లేచినప్పుడు ఆ పల్లెల సంగతి గుర్తుచేయవలసింది తెలుగువాళ్లమే. చేయలేదు. నేనైతే బొమ్మ చూడకుండానే టీకొట్టు దగ్గర తలూపాను. నొచ్చుకున్నవాళ్ల నొప్పి అబద్ధమనను. నాది మాత్రం అరువు నొప్పి. 2004లో ఆయన సినిమా 'మీనాక్షి'లో ఒక పాట మాటలకు ముస్లిం సంస్థలు అభ్యంతరం చెబితే సినిమానే థియేటర్లలోంచి తీసేశారు. అప్పుడేమో అది వాళ్ల గొడవ అనుకున్నాం.

బొమ్మల మీద ఆయనపై పెట్టిన కేసులు 2008లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసేసరికి ఆయన దేశం విడిచి రెండేళ్లు. 2010లో ఖతార్ పౌరుడయ్యాడు. 2011 జూన్ 9న లండన్‌లో పోయాడు. పేపర్లో చదివి పేజీ తిప్పాను.

మొన్న నవమికి ఫ్లెక్సీ కట్టడానికి వచ్చినవాళ్లలో ఆ కుర్రాడున్నాడు. కుర్రాడేమిటి, తల నెరిసింది. తాడు బిగిస్తూ "బాగుండావా అన్నా?" అన్నాడు. బాగున్నానన్నాను. గోడ సంగతి ఈసారీ ఎత్తలేకపోయాను.