‘రోగనిరోధక శక్తి’ – ఒక మాట మీద ఆక్షేపణ



పారిభాషిక పదం సరిగా కుదరకపోతే కలిగే నష్టం పుస్తకాలకే పరిమితమని సాధారణంగా భావిస్తాం. పాఠకుడు కాసేపు తికమక పడతాడు, అంతకు మించి ఏమవుతుందని అనుకుంటాం. కాని ఒక్క మాట కారణంగా పసిబిడ్డకు అందుతున్న మందు ఆగిపోవడం నేను చూశాను. ఆ మాట ‘రోగనిరోధక శక్తి’.

ఆంగ్లంలోని ‘ఇమ్యూనిటీ’కి మనం చేసుకున్న అనువాదమిది. దానికి మూలమైన లాటిన్ పదానికి పన్నుల నుండి, ప్రజావిధుల నుండి మినహాయింపు పొందినవాడని అర్థం. మన పాత దస్తావేజులలోని సర్వమాన్యం వంటిదన్నమాట. అందులో బలం ప్రసక్తి లేదు. శక్తిని తెచ్చి చేర్చినది మనమే. శక్తి అనగానే అది కొలిచి పోసుకునే వస్తువైపోయింది. తక్కువైతే పెంచుకోవాలి, ఎక్కువైతే సంతోషించాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు కషాయాలు, పొడులు, లేహ్యాలు ఎన్ని ఈ ఒక్క మాట మీద అమ్ముడుపోయాయో అందరికీ తెలిసినదే.

నిజానికి శరీరాన్ని కాపాడేది ముఖ్యంగా వివేకం. తనదేదో పరాయిదేదో గుర్తించాలి, పరాయిదానిని ఎదుర్కోవాలి, పని ముగియగానే ఆగాలి. ఈ వివేకం జన్యులోపం వల్ల పుట్టుకతోనే దెబ్బతిన్నవారు ఉన్నారు. అటువంటి లోపాలను 500కు పైగా శాస్త్రజ్ఞులు నేటికి గుర్తించారు. వీరిలో చాలామందికి న్యుమోనియా, చెవిలో చీము, విడువని విరేచనాలు పదేపదే వస్తాయి. ఇంతవరకు ‘శక్తి తక్కువ’ అంటే సరిపోతుంది. చిక్కంతా ఆ తరువాతనే. వీరిలో కొందరికి ఆ దెబ్బతిన్న వ్యవస్థే సొంత రక్తకణాలను శత్రువులుగా ఎంచి సంహరిస్తుంది. ప్లేట్‌లెట్ల మీద పడితే దానిని ఐ.టి.పి. అంటారు. ఎర్రకణాల మీద పడితే ఆటోఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియా. రెండూ కలిసి వస్తే, 1951లో వర్ణించిన వైద్యుని పేరిట, ఇవాన్స్ సిండ్రోమ్.

ఇది ఎక్కడో లక్షకొకరి సంగతి అని తోసిపుచ్చడానికి లేదు. జన్యుపరమైన రక్షణలోపం ఉన్న 2,183 మంది వివరాలను ఫ్రాన్సు దేశంలో పరిశీలించి 2017లో ప్రకటించారు. నలుగురిలో ఒకరికి మించి ఏదో ఒక స్వయంప్రతిరక్షక వ్యాధో వాపు వ్యాధో ఉన్నది. రక్తకణాలు ఈ విధంగా నశించే ప్రమాదమైతే సామాన్యుల కంటె 120 రెట్లు ఎక్కువ.

నా పాత విద్యార్థి ఒకనికి ఒక కూతురు. నాలుగవ ఏటి నుండి ఆ పిల్లకు దగ్గు, జ్వరం, చెవిపోటు తప్పలేదు. తొమ్మిదవ ఏట కాళ్ళ మీద ఎర్రని చుక్కలు లేచాయి. లక్షన్నరకు తగ్గకూడని ప్లేట్‌లెట్లు ఎనిమిది వేలకు పడిపోయాయి. మొదట డెంగీ అన్నారు, బొప్పాయి ఆకు రసం పోశారు. తరువాత ఐ.టి.పి. అని తేలి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. అప్పుడు అతను నా దగ్గరకు వచ్చి, “మాష్టారూ, పిల్లకు శక్తి తక్కువని చిన్నప్పటి నుంచీ అంటున్నారు. ఇప్పుడు శక్తిని ఇంకా తగ్గించే మందు ఇస్తున్నారు. ఇదెక్కడి న్యాయమండీ?” అని అడిగాడు. ఎవరో చెప్పగా మాత్రలు మాన్పించి శక్తి పెంచే పొడి పట్టించాడు. నెల తిరగకుండా పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు వేయించారు. ఆ పచ్చదనం కాలేయపు దోషం వల్ల వచ్చినది కాదు. ఎర్రకణాలు చితికిపోగా వచ్చినది. ఆసుపత్రికి చేర్చేసరికి పిల్ల లేచి నిలబడలేని స్థితిలో ఉన్నది.

ఆ తండ్రి చదువుకున్నవాడే. అతని తర్కంలోనూ దోషం లేదు. ‘శక్తి’ అన్న మాటను నమ్మి ఆలోచిస్తే ఎవరైనా అక్కడికే చేరతారు.

అసలు జరిగేదేమిటి? సొంత శరీరాన్నే కొట్టగల కణాలు అందరిలోనూ పుడతాయి. ఎముక మజ్జలో, థైమస్ గ్రంథిలో వాటిని ఏరివేసే పరీక్షలు ఉంటాయి. ఆ పరీక్షలు దాటి వచ్చినవాటిని నియంత్రక టి కణాలు అదుపులో పెడతాయి. వాటికి బ్రేకు వంటి ప్రోటీన్ సీటీఎల్ఏ-4. దాని జన్యువు రెండు ప్రతులలో ఒకటి చెడినా రక్షణ వ్యవస్థ అదుపు తప్పగలదని 2014లో వెల్లడైనది. ఆ బ్రేకు కణం లోపలనే నశించిపోకుండా ఎల్ఆర్‌బీఏ అనే మరొక ప్రోటీన్ కాపాడుతుందని 2015లో తేలినది. ఈ లోపాలున్నవారిలో క్రిములను ఎదుర్కొనే మంచి యాంటీబాడీలు కొరవడవచ్చు. సొంత కణాలను పట్టుకునే చెడ్డ యాంటీబాడీలు మాత్రం పుడుతూనే ఉంటాయి. కంచె చేను మేయడం మన సామెత. ఇక్కడ గండ్లు పడిన కంచే చేను మేస్తున్నది.

చికిత్సలోని సంకటమూ దీని నుండే పుట్టినది. స్టెరాయిడ్ దాడిని ఆపుతుంది, క్రిములకు తలుపూ తెరుస్తుంది. ప్లీహం తీసివేస్తే రక్తకణాలు నిలుస్తాయి గాని, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. రిటుక్సిమాబ్ అనే మందు బి కణాలను నెలల తరబడి తుడిచివేస్తుంది. అయినా వైద్యులు వీటిలో ఏదో ఒకదానిని ఎన్నుకోక తప్పదు. కనుక లోపమేదో ముందే తెలిసి ఉండడం ప్రాణావసరం. తెలిస్తే వేలమంది దాతల ప్లాస్మా నుండి తీసిన ఇమ్యునోగ్లోబులిన్‌ను క్రమం తప్పక ఎక్కించవచ్చు. ఎల్ఆర్‌బీఏ, సీటీఎల్ఏ-4 లోపాలలో కీళ్ళవాతపు మందు అబాటసెప్ట్ ఆ పోయిన బ్రేకు పనిని కొంత చేయగలదు. కొందరికి మూలకణ మార్పిడి ఉన్నది.

నేను వైద్యుణ్ణి కాను, వ్యాకరణం చెప్పి పొట్ట పోసుకున్నవాణ్ణి. అయినా తల్లిదండ్రులకు ఒక్క మనవి. బిడ్డకు పదేపదే ఇన్‌ఫెక్షన్లు వచ్చిన చరిత్ర ఉండి, పైన రక్తకణాలు కూడా పడిపోతే, ఆ రెండింటినీ ఇద్దరు వైద్యులకు విడివిడిగా చెప్పకండి. ఒకరికే కలిపి చెప్పండి. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎమ్ పరీక్షల అవసరం ఉన్నదేమో అడగండి. ఆ రక్తం ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించక ముందే తీయాలి. ఎక్కించిన తరువాత కొలిస్తే కనబడేది దాతల సొత్తు, బిడ్డది కాదు. మందులను మాత్రం సొంత నిర్ణయంతో ఆపవద్దు.

మేనరికం సంగతి చెప్పక తప్పదు. ఎల్ఆర్‌బీఏ వంటి లోపాలు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు వస్తేనే బయటపడతాయి. రక్తసంబంధంలో పెళ్ళి జరిగినప్పుడు ఆ రెండూ కలిసే అవకాశం హెచ్చు. నా విద్యార్థిది మేనమామ కూతురితో వివాహమే. అయితే సీటీఎల్ఏ-4 లోపానికి ఒక్క ప్రతి చెడితే చాలును గనుక, ప్రతి రోగినీ మేనరికపు ఫలమని వేలెత్తి చూపడం అన్యాయం.

అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చినది. అందులోని సహాయపు పరిమితిని 2022లో 50 లక్షల రూపాయలకు పెంచారు. మూలకణ మార్పిడితో నయమయ్యే విస్కాట్-ఆల్డ్రిచ్ వంటి రక్షణలోపాలు ఆ జాబితాలో ఉన్నాయి. హైదరాబాదులో నిమ్స్‌తో కూడిన సీడీఎఫ్‌డీని ఈ విధానం కింద ఉత్కృష్ట కేంద్రంగా ఎంపిక చేశారు. దారి ఉన్నది. ఆ దారిలో అడుగు పెట్టాలంటే మొదట ఈ వ్యాధిని అర్థం చేసుకోగల మాట ఇంట్లో ఉండాలి.

అందుచేత పాఠ్యపుస్తకాలు వ్రాసేవారినీ పత్రికలవారినీ కోరేది ఇది: ‘శక్తి’ని విడిచి ‘రోగరక్షణ వ్యవస్థ’ అనండి. వ్యవస్థ అంటే అది బలహీనపడవచ్చు, దారి తప్పవచ్చు, ఒకేసారి రెండూ కావచ్చు. ఆ పిల్ల ఇప్పుడు నెలనెలా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకుంటూ బడికి పోతున్నది. ఇంతకంటె మంచి మాట పెద్దలకు తోస్తే తెలుపగలరు, సంతోషంగా స్వీకరిస్తాను.

స్వస్తి.