వెన్న మీద మచ్చలు

ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది. ఆవుపాల మీద మీగడ పదిరోజులు దాచి, తోడువేసి, చిలికి వెన్న తీసిందట. పిల్లాడు బ్రెడ్డుకి రాసుకుంటాడు కదా అని అందులో రాళ్లుప్పు కాస్త నలిపి కలిపి, ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు తీసి చూస్తే ఒకచోట ముదురు పసుపు, ఒకచోట తెల్లటి చారలు, పైన నీటిబొట్లు! అత్తగారు చూసి, "పాలల్లో ఏదో కలుపుతున్నాడు, రేపట్నించి వాణ్ణి మాన్పించెయ్" అన్నారట. పన్నెండేళ్లుగా పాలు పోస్తున్న మనిషి. "ఏం చెయ్యమంటారు అక్కయ్యా?" అని అడిగింది.

అమ్మాయ్, ఆ మచ్చలు పాలబ్బాయి పని కాదు, నీ ఉప్పు పని!

మీగడలో నీళ్ల మధ్య కొవ్వు బొట్లు తేలుతుంటాయి. కవ్వం పడేసరికి అంతా తిరగబడుతుంది. కొవ్వు ముద్దకట్టి, దాని లోపల నీటి బొట్లు చిక్కుకుంటాయి. బజారు వెన్నలో నూటికి 80 పాళ్లు కొవ్వు ఉంటే, 16 పాళ్ల వరకూ నీళ్లే. ఇంటి వెన్నలో ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. ఆ బొట్లు కంటికి కనబడనంత చిన్నవి.

ఉప్పు కొవ్వులో కరగదు. పలుకు పడిన చోట దగ్గరున్న నీటిబొట్టు దాన్ని కరిగించుకుని చిక్కటి ఉప్పునీరవుతుంది. పక్కనున్న చప్పటి బొట్లలో నీళ్లు కొవ్వు పొరలోంచి కొద్దికొద్దిగా ఊరి, ఉప్పున్న వైపుకి జరుగుతాయి. ఉప్పు మాత్రం కొవ్వుని దాటి ఇటు రాలేదు. మామిడి ముక్కలకి ఉప్పేస్తే నీరూరడం చూస్తూనే ఉంటాం కదా, అలాంటిదే. ఉప్పుబొట్టు ఉబ్బుతుంది, చప్పటిది కుంచించుకుపోతుంది. చిన్న బొట్లు గుంపుగా ఉన్నచోట వెన్న తెల్లగానూ, పెద్దవి ఉన్నచోట ముదురుగానూ కనిపిస్తుంది. మరీ ఉబ్బినవి కలిసిపోయి బయటికి చెమర్చాయి. అంతే.

వెన్న కడిగేటప్పుడూ ఇదే తంతు. నీళ్లలో వెన్నముద్ద, ముద్దలో మళ్లీ మజ్జిగబొట్లు! ఇలా నీళ్లలో కొవ్వు, కొవ్వులో నీళ్లుండే మిశ్రమాల గురించి విలియం సైఫ్రిజ్ అనే వృక్షశాస్త్రవేత్త 1925లోనే రాశాడు. ఇప్పుడైతే లోపలి నీళ్లలో ఉప్పు కలిపి, బయటి నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతోందో కొలిచి, ఉప్పు ఎంత బయటపడిందో పట్టేస్తున్నారు. మనకంత హంగామా ఎందుకు గానీ, మజ్జిగ తనంతట తాను కొవ్వు దాటి రాదని తెలిస్తే చాలు. అంచేత వెన్నని ఊరికే నీళ్లలో ముంచి తీస్తే కడిగినట్టు కాదు. చల్లటి నీళ్లలో వేసి, మెత్తగా ఒత్తుతూ, నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు మార్చాలి. మజ్జిగ మిగిలితే వెన్న త్వరగా వాసనేస్తుంది.

ఉప్పు వెయ్యాలంటే ముందు నీళ్లు పూర్తిగా ఒత్తి వంపెయ్యండి. పావుకిలో వెన్నకి మెత్తటి ఉప్పు ముప్పావు టీస్పూను. అంతా ఒకేచోట కాకుండా చల్లి, చెక్క గరిటెతో బాగా మెదిపి, అరగంట ఆగి మళ్లీ మెదపండి. రెండోసారి మెదపడం మానకండి, మచ్చలు పడకుండా చేసేది అదే. ఉప్పు మొత్తం ఆ కాసిని నీళ్లలోనే చేరుతుంది కాబట్టి నూటికి రెండు పాళ్లు వేసినా లోపలి నీళ్లు 11 శాతం ఉప్పునీరవుతాయి. అందులో క్రిములు పెరగడం కష్టం.

ఇక అత్తగారికి ఎలా చెప్పాలో నీకే తెలియాలి. మచ్చలుంటే కల్తీ అనీ కాదు, లేకపోతే స్వచ్ఛమనీ కాదు. అనుమానం తీరకపోతే పాలని పరీక్ష చేయించండి. వెన్న చూసి ఆ మనిషిని మాన్పించొద్దు.

ఆ వెన్న పారెయ్యకు. కాస్త మెత్తబడనిచ్చి మళ్లీ మెదిపితే చారలు కలిసిపోతాయి. లేదంటే నెయ్యి కాచెయ్. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు నెయ్యిలోకి రాకుండా అడుగున గసిలో ఉండిపోతుంది. గసిలో పంచదార కలిపి పిల్లాడికి పెట్టే అలవాటుంటే, ఈసారికి ముందు నువ్వు రుచి చూడు.