చిరిగిన ఫోటో

ఇంట్లో పిల్లలు వినే పాటలను గూర్చి పెద్దలకు కొంతైనా తెలిసి ఉండాలని ఈ శీర్షికలో మేము అప్పుడప్పుడు వ్రాస్తుంటాము. ఈ నెల ఐర్లండు గాయకుల సంగతి. తామే పాట కట్టి, తామే గిటారు పట్టి పాడేవారికి ఆ చిన్న దేశం పెట్టింది పేరు. గ్లెన్ హాన్సర్డ్ పదమూడేళ్ళకే బడి మానేసి డబ్లిన్‌లోని గ్రాఫ్టన్ వీధిలో పాడుతూ నిలబడ్డాడు. 2008లో ఆస్కార్ అందుకున్నాడు. డేమియన్ రైస్ తన బృందాన్ని విడిచి ఇటలీ వెళ్ళిపోయాడు, తిరిగి వచ్చాక 2002లో సొంత ఆల్బమ్ తెచ్చాడు.

అయితే మేము ముఖ్యంగా చెప్పదలచినది షినేడ్ ఓకానర్ గురించి. ఆమె పేరెత్తితే ముఖం చిట్లించే విశ్వాసులు ఇప్పటికీ ఉన్నారు. అందుకే చెప్పాలి.

ఆమె 1966లో డబ్లిన్‌లో పుట్టింది. తల్లి చేతిలో దారుణమైన దెబ్బలు తిన్నానని ఆమే చెప్పుకున్నది. చిల్లర దొంగతనాలకు అలవాటుపడిందని కన్యస్త్రీలు నడిపే ఒక శిక్షణ గృహానికి పంపారు. అక్కడి కఠినత్వాన్ని ఆమె జీవితాంతం మరువలేదు. అయినా ఆమెకు గిటారు కొనిపెట్టినది కూడా అక్కడి కన్యస్త్రీయే.

1990లో ప్రిన్స్ వ్రాసిన ఒక పాటను పాడి ఆమె అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. 1992 అక్టోబరు 3న న్యూయార్క్‌లో ప్రత్యక్ష ప్రసారమవుతున్న టీవీ కార్యక్రమంలో బాబ్ మార్లే పాట ఒకటి వాయిద్యాలు లేకుండా పాడి, చివర పోపు జాన్‌పాల్ ఫోటోను కెమెరా ముందు ముక్కలుగా చింపివేసింది. సంఘము నీడలో పిల్లలపై జరుగుతున్న అత్యాచారాలకు అది నిరసన. ఆ ఫోటో చనిపోయిన ఆమె తల్లి గది గోడకు వ్రేలాడినదే.

రెండు వారాల తరువాత ఒక పెద్ద కచేరీలో జనం ఆమెను గేలి చేసి పాడనివ్వలేదు. ఆమె రికార్డులను వీధిలో రోలరుతో తొక్కించారు కూడా. ఆమె ఎందుకు చింపిందని అడిగినవారు బహు కొద్దిమంది.

సమాధానం 2009లో వచ్చింది. ఐర్లండులో కతోలిక సంస్థలు నడిపిన బాలల గృహాలలో దశాబ్దాలపాటు పిల్లలను హింసించారని ప్రభుత్వ విచారణ సంఘమే తేల్చింది. 2010లో పోపు బెనెడిక్టు ఐర్లండు విశ్వాసులకు లేఖ వ్రాసి విచారం తెలిపారు. ఒకరు గౌరవించే చిత్రాన్ని చింపడం మాకు నచ్చదు. కాని చిరిగిన కాగితానికి వచ్చినంత కోపం నలిగిన పిల్లల కోసం రాలేదే అన్నది మమ్మల్ని ఇంకా బాధిస్తుంది.

ఆమె దేవుణ్ణి వదిలిందనుకోవద్దు. 2007లో తెచ్చిన 'థియాలజీ' ఆల్బమ్‌లో కీర్తనల గ్రంథమూ, యెషయా ద్రాక్షతోట పాటా, యిర్మీయా విలాపమూ ఉన్నాయి. మన యువజనులు వినదగినది అదే అని మా అభిప్రాయం. 2018లో ఆమె ఇస్లాం స్వీకరించింది. ఆమె వెదకులాట అంత తేలికగా మన లెక్కలలో ఇమడదు.

బ్రే పట్టణంలో పుట్టిన హోజియర్ (1990) తరువాతి తరం వాడు. 2013లో అతనికి పేరు తెచ్చిన పాట పేరులో 'చర్చి' ఉన్నదని యూత్ మీటింగులో పాడించబోయేరు! అది సంఘాన్ని నిలదీసే పాట. వినాలనుకుంటే పెద్దలు పిల్లలతో కూర్చుని విని, మాట్లాడుకోవచ్చు. 2024లో అతని మరో పాట అమెరికాలో మొదటి స్థానం చేరింది. 1990లో షినేడ్ తరువాత ఆ స్థానం అందుకున్న ఐర్లండు గాయకుడు అతడే.

షినేడ్ 2023 జులై 26న లండన్‌లో కన్నుమూసింది. ఆగస్టు 8న ఆమె శవపేటికను అదే బ్రే సముద్రతీరం వెంట, ఆమె పాత ఇంటి ముందుగా తీసుకువెళ్ళారు. వేలాదిమంది దారి పొడవునా నిలబడ్డారు.